ఊపిరికీ ఒక లెక్క ఉంది!

పూతలపట్టు నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వెయ్యవద్దని కోరారు కనుక వెయ్యడం లేదు.

“డాక్టరు గారికి నమస్కారం. మా మామగారికి 62 ఏళ్ళు. నెమ్ము చేసి ఊపిరాడక పెద్దాసుపత్రికి తీసుకుపోతే వెంటిలేటరు మీద పెట్టినారు. 11 రోజులు ఉండి దక్కకుండా పోయినారు. వేలికి పెట్టిన క్లిప్పు 97, 98 అని చూపిస్తానే ఉన్నింది. అయినా రోజుకు మూడు నాలుగు సార్లు మణికట్టు దగ్గర రక్తం తీసినారు. ముక్కులో గొట్టం గుండా పాలలాంటిది కొంచెం కొంచెమే పోసినారు. ఇంకా పొయ్యండి సార్ అంటే ‘ఊపిరి కొలిచి చూసినాం, ఇది చాలు’ అన్నారు. ఊపిరిని కొలిచేదేమిటి? దానికీ తిండికీ ఏం సంబంధం? మా మరిది ఇదంతా బిల్లు పెంచేదానికే అంటాడు. మా అత్తగారు అన్నం ముందు కూర్చున్నప్పుడంతా ‘ఆయన్ను ఆకలితో సాగనంపితిమి’ అని ఏడుస్తుంది. మీరేం చెప్తారు?”

అమ్మా! మీ ఇంట్లో జరిగింది రేపు ఎవరింట్లోనైనా జరగవచ్చు. అందువల్ల పాఠకులందరికీ కలిపి చెబుతాను. వేలి క్లిప్పు ఉండగా రక్తం ఎందుకు తీశారు, ఊపిరిని ఎలా కొలుస్తారు, దానికీ తిండికీ ఏమి చుట్టరికం అన్న మూడు ప్రశ్నలకూ జవాబు ఒక్కచోటే ఉంది. మీ అత్తగారి దుఃఖానికి జవాబు కూడా అందులోనే ఉంది.

ఇచ్చిపుచ్చుకోవడం

ఊపిరి అంటే గాలి లోపలికి పోవడం, బయటికి రావడం అనుకుంటాం. అది పైకి కనిపించే సగం మాత్రమే. అసలు పని ఊపిరితిత్తుల లోపల, కంటికి సరిగా ఆననంత చిన్న గాలితిత్తుల దగ్గర జరుగుతుంది. అక్కడ రక్తం ప్రాణవాయువును పుచ్చుకుంటుంది, బొగ్గుపులుసు వాయువును ఇచ్చేస్తుంది. వెంటిలేటరు చేసేది గాలిని లోపలికి నెట్టడం వరకే. ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం రోగి ఊపిరితిత్తులే చెయ్యాలి. నెమ్ముతోనో, నీరు చేరడంతోనో గాలితిత్తులు నిండిపోతే, యంత్రం ఎంత చక్కగా ఊదినా ఆ బేరం సరిగా సాగదు.

పొయ్యిలో కట్టె మండాలంటే గాలి కావాలి, మండితే పొగ వస్తుంది. ఒంట్లో తిండి ఖర్చు కావాలన్నా ప్రాణవాయువు కావాలి. ఖర్చయినందుకు గుర్తుగా బొగ్గుపులుసు వాయువు వస్తుంది. ఈ పోలిక కొత్తది కాదు. ఫ్రాన్సులో లవాయిజే, లాప్లాస్ అనే శాస్త్రజ్ఞులు 1782-83 చలికాలంలో ఒక గినీపందిని మంచు నింపిన పాత్ర మధ్యలో పెట్టి, కరిగిన మంచును బట్టి దాని ఒంటి వేడిని లెక్కగట్టారు. అది వదిలిన బొగ్గుపులుసు వాయువును కూడా కొలిచారు. రెంటినీ పోల్చి, ఊపిరి తియ్యడం కూడా ఒక రకమైన నెమ్మది మంటేనని తేల్చారు.

విశ్రాంతిగా పడుకున్న మనిషి నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్ల ప్రాణవాయువు వాడుకుంటాడు, సుమారు 200 మిల్లీలీటర్ల బొగ్గుపులుసు వాయువు వదులుతాడు. రోజు మొత్తానికి వాడుకునే ప్రాణవాయువు 360 లీటర్లు. ఒక లీటరు ఖర్చయితే ఒంట్లో పుట్టే శక్తి 5 కేలరీలకు కొద్దిగా తక్కువ. అంటే రోజుకు 1,700 పైచిలుకు కేలరీలు. ఊపిరి లెక్క చివరికి తిండి లెక్క అయ్యేది ఇక్కడే.

పాల కేంద్రంలో కొలత లాంటిదే

మన చిత్తూరు వైపు పల్లెల్లో పాలు పోసేవారికి ఈ కొలత సులభంగా అర్థమవుతుంది. పాల కేంద్రంలో ఎన్ని లీటర్లు పోశారో చూస్తారు, అందులో వెన్న ఎంత శాతమో చూస్తారు. రెండూ కలిపితేనే డబ్బు లెక్క తేలుతుంది. లీటర్లు సరిగ్గా ఉండి శాతం తప్పినా నష్టమే, శాతం సరిగ్గా ఉండి లీటర్లు తప్పినా నష్టమే.

ఊపిరికీ అంతే. రోగి నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి వదిలాడు, లోపలికి పోయిన గాలిలో ప్రాణవాయువు ఎంత శాతం, బయటికి వచ్చిన గాలిలో ఎంత శాతం, ఇవి తెలియాలి. మామూలు గాలిలో ప్రాణవాయువు 21 శాతం ఉంటుంది. మనం వదిలిన గాలిలో 17 శాతానికి అటూ ఇటూ మిగులుతుంది. తేడా 4 శాతం. నిమిషానికి 6 లీటర్ల గాలి పీలిస్తే అందులో 4 శాతం 240 మిల్లీలీటర్లు. లెక్క ఇంత సులభమైనదే.

1911లో ఇంగ్లండులో డగ్లస్ అనే ఆయన వదిలిన ఊపిరినంతా పెద్ద సంచీలో పట్టి కొలిచే పద్ధతి పెట్టాడు. 1949లో గ్లాస్గోలో వైర్ అనే ఆయన, రెండు వాయువుల కొలతల నుంచి కేలరీలు కట్టే సూత్రం రాశాడు. దాన్నే నేటికీ వాడుతున్నారు. 1980ల్లో ఫిన్లండు దేశం నుంచి వచ్చిన డెల్టాట్రాక్ అనే యంత్రం ఈ కొలతను రోగి మంచం పక్కకే తెచ్చింది. దాని తయారీ ఆగిపోయింది. ఇప్పుడు వేరే యంత్రాలున్నాయి. మన పట్టణాల్లో చాలా ఆసుపత్రుల్లో అవి ఉండవు. ఉన్నచోట కూడా రోగులందరికీ పెట్టరు.

వేలి క్లిప్పు చెప్పని మాట

ఇక క్లిప్పు సంగతి. రక్తంలోని ఎర్రటి పదార్థంలో నూటికి ఎంత భాగం ప్రాణవాయువుతో నిండి ఉందో వేలి క్లిప్పు చెబుతుంది. జపానులో అయోయాగి అనే ఇంజనీరు 1974లో ఈ పద్ధతిని బయటపెట్టాడు. గుచ్చకుండా, నొప్పి లేకుండా క్షణక్షణం చెప్పే ఈ సాధనం ఎందరి ప్రాణాలో కాపాడింది. కాని అది చెప్పేది సగం కథే. బొగ్గుపులుసు వాయువు బయటికి పోతోందా, లోపలే పేరుకుంటోందా అన్నది దానికి తెలియదు. ప్రాణవాయువు పెంచి ఇస్తున్నంతసేపు క్లిప్పు 98 చూపిస్తూనే ఉండవచ్చు, ఆ లోపల రోగి రక్తం పులిసిపోతూ ఉండవచ్చు.

ఈ పాఠం లోకానికి ఎంత ఖరీదుగా తెలిసిందో చూడండి. 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించింది. ఊపిరి కండరాలు చచ్చుబడిన 31 మందిని మొదటి మూడు వారాల్లో బ్లెగ్డామ్ ఆసుపత్రిలో చేరిస్తే 27 మంది చనిపోయారు. వారి రక్తంలో బొగ్గుపులుసు వాయువు మొత్తం ఎక్కువగా ఉంది. రక్తంలో క్షారం ఎక్కువైందని, అది రోగలక్షణమని డాక్టర్లు అనుకున్నారు. ప్రాణవాయువు ఇస్తే ఒంటి నీలిరంగు తగ్గేది, మనిషి మాత్రం దక్కేవాడు కాదు. మత్తు డాక్టరు బ్యోర్న్ ఇబ్సెన్ ఆ అంకెకు వేరే అర్థం చెప్పాడు. అది క్షారం కాదు, ఊపిరి చాలక లోపలే ఉండిపోయిన బొగ్గుపులుసు వాయువు అన్నాడు. ఆగస్టు 27న ఒక 12 ఏళ్ళ బాలికకు గొంతులో గొట్టం వేసి, సంచీ నొక్కి చేత్తో ఊపిరి పోసి నిరూపించాడు. తర్వాత సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులు వేసుకుని రాత్రింబవళ్ళు సంచీలు నొక్కారు. నూటికి 80 దాటిన చావులు కొన్ని నెలల్లో నాలుగో వంతుకు అటూ ఇటూకు దిగాయి. నేటి ఐ.సి.యు.లకు పునాది అక్కడే పడింది.

గమనించండి, అక్కడ అంకె మొదటి నుంచీ ఉంది. దాన్ని సరిగా చదివిన మనిషి వచ్చేదాకా రోగులు పోతూనే ఉన్నారు.

మన హైదరాబాదుకూ ఇటువంటి అనుభవం ఉంది. క్లోరోఫారం మత్తులో రోగులు ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి 1888లో, 1889లో నిజాం ఖర్చుతో అక్కడ రెండు సంఘాలు పనిచేశాయి. డాక్టర్ ఎడ్వర్డ్ లారీ వాటికి ముఖ్యుడు. ముందు ఆగేది ఊపిరే, కాబట్టి నాడిని కాదు, ఊపిరిని కనిపెట్టి ఉండండి అని తేల్చారు. ఊపిరిని కనిపెట్టమన్న సలహా మంచిదే. కాని క్లోరోఫారం వల్ల గుండె కూడా ఉన్నట్టుండి ఆగిపోగలదని 1911లో లీవీ అనే పరిశోధకుడు చూపించాడు. ఒక్క గుర్తునే నమ్ముకుని రెండోదాన్ని వదిలెయ్యడం ప్రమాదమని దీనివల్ల తెలుస్తోంది.

అందుకే మణికట్టు దగ్గర ధమనిలో నుంచి రక్తం తీస్తారు. ఏ.బి.జి. అంటారు దాన్ని. మామూలు మనిషిలో బొగ్గుపులుసు వాయువు పీడనం 35 నుంచి 45 మధ్య, ప్రాణవాయువు పీడనం 80 నుంచి 100 మధ్య ఉంటుంది. అయితే ప్రాణవాయువు అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. అంకె 90 వచ్చిందనుకోండి. మామూలు గాలి, అంటే 21 శాతం పీలుస్తూ 90 వస్తే ఊపిరితిత్తులు దివ్యంగా ఉన్నట్టు. యంత్రం 100 శాతం ప్రాణవాయువు ఇస్తుండగా 90 వస్తే తీవ్రంగా చెడిపోయినట్టు. ఎంత ఇస్తే ఎంత వచ్చింది అన్నదే అసలు కొలత. 90ని 0.21తో భాగిస్తే 428, 1తో భాగిస్తే 90. ఈ భాగహారం 300 లోపుకు వస్తే డాక్టర్లు కలవరపడతారు, 100 లోపుకు వస్తే పరిస్థితి చాలా తీవ్రమని అర్థం.

ఆ రక్తాన్ని కూడా జాగ్రత్తగా పట్టాలి. సిరంజిలో గాలి బుడగ ఉండకూడదు. తీసిన అరగంటలోగా పరీక్ష చెయ్యాలి, ఆలస్యమైతే సిరంజిలో రక్తకణాలే వాయువును ఖర్చు చేసేస్తాయి. ఎక్స్‌రేను దూరానికి పంపవచ్చు. పూతలపట్టు పక్కనే అరగొండలో 2000 నాటికే టెలిమెడిసిన్ మొదలైంది. పల్లెలోని రోగి చిత్రాలను పట్నం డాక్టరు చూడగలిగాడు. ఊపిరిని మాత్రం అలా పంపలేం. అది రోగి పక్కనే కొలవాలి.

ఆకలితో పంపారా?

ఇప్పుడు మీ అత్తగారి ప్రశ్న. కేసు షీటు చూడకుండా ఫలానా ఆసుపత్రిలో చేసింది ఒప్పో తప్పో చెప్పడం న్యాయం కాదు. కాని తిండి లెక్క చెప్పగలను.

మంచం మీద ఉన్న రోగికి యంత్రంతో కొలిచే వీలు లేకపోతే, బరువును బట్టి కిలోకు 20 నుంచి 25 కేలరీలు అని లెక్క వేస్తారు. 60 కిలోల మనిషికి అది 1,200 నుంచి 1,500. గొట్టంలో పోసే పాలలాంటి ఆహారంలో సాధారణంగా మిల్లీలీటరుకు ఒక కేలరీ ఉంటుంది. గంటకు 50 మిల్లీలీటర్లు పోస్తే చూసేవారికి అది అరగ్లాసు కాఫీ కూడా కాదనిపిస్తుంది. కాని అది పగలూ రాత్రీ ఆగకుండా పోతుంది. 24 గంటలకు 1,200 మిల్లీలీటర్లు, అంటే 1,200 కేలరీలు. కంటికి ‘కొంచెం కొంచెం’ అనిపించినది రోజు మొత్తానికి కొంచెం కాదు.

మొదటి రోజుల్లో అంతకన్నా తక్కువే ఇస్తారు. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు శరీరం తన కండను, తన నిల్వలను తానే కరిగించి చక్కెర తయారు చేసుకుంటుంది. మనం పైనుంచి ఎంత పోసినా ఆ కరుగుదల ఆగదు. ఆ చక్కెరకు మనం పోసిన తిండి తోడైతే లెక్క మించిపోతుంది. కాబట్టి మొదటి కొన్ని రోజులు కొలిచిన ఖర్చులో నూటికి 70 పాళ్ళకు మించకుండా ఇచ్చి, తర్వాత పెంచడం నేటి వైద్యుల పద్ధతి.

ఎక్కువ పోస్తే ఏమవుతుంది? ఇక్కడే ఊపిరికీ తిండికీ చుట్టరికం బయటపడుతుంది. అవసరానికి మించిన పిండిపదార్థాన్ని ఒళ్ళు కొవ్వుగా మారుస్తుంది. ఆ పనిలో బొగ్గుపులుసు వాయువు మరింత పుడుతుంది. వదిలిన వాయువును వాడుకున్న ప్రాణవాయువుతో భాగిస్తే, కొవ్వు ఖర్చవుతున్నప్పుడు 0.7, పిండిపదార్థం ఖర్చవుతున్నప్పుడు 1 వస్తుంది. 1 దాటితే తిండి ఎక్కువైందేమోనని అనుమానించాలి. పుట్టిన వాయువునంతా బయటికి పంపడానికి రోగి మరింత వేగంగా ఊపిరి తియ్యాలి. ఇప్పటికే అలసిన ఊపిరితిత్తులకు అది కొండంత బరువు. ప్రేమతో పోసిన తిండి, రోగిని వెంటిలేటరు మీదనుంచి దించే రోజును వెనక్కు నెట్టవచ్చు.

మరీ తక్కువైతే కండ కరిగి, ఊపిరి కండరాలే నీరసించిపోతాయి. అదీ ప్రమాదమే. ఈ రెంటి మధ్యా దారి చూపడానికే ఊపిరిని కొలిచేది.

అందుచేత మీ అత్తగారితో ఇలా చెప్పండి: మామగారిని ఆకలితో పంపలేదు. అంత తీవ్రమైన జబ్బులో ఒంటికే తిండి మీద కోరిక ఉండదు. ఆయన ఒంటికి ఎంత పడుతుందో కొలిచి మరీ పోశారు. ఆయన్ను తీసుకుపోయింది నెమ్ము, తిండి లోటు కాదు. మీరు చూపించిన ప్రేమలోనూ ఏ లోటూ లేదు.

కొలత తప్పే చోట్లు

కొలిచినంత మాత్రాన అంకె నిజమైపోదు. వెంటిలేటరు మీద ఉన్న రోగి ఊపిరిని కొలవడం ఆరోగ్యవంతుడి ఊపిరిని కొలిచినంత సులభం కాదు. తప్పులు దొర్లే చోట్లు ఇవి:

తేమ. వదిలిన ఊపిరి వెచ్చగా, తడిగా ఉంటుంది. 100 లీటర్ల ఊపిరిలో సుమారు 6 లీటర్లు ఒట్టి నీటి ఆవిరే. దాన్ని తీసి లెక్క కట్టకపోతే నీళ్ళు కలిపిన పాలకు డబ్బు లెక్కగట్టినట్టే.

కారడం. గొంతులోని గొట్టం చుట్టూ ఉండే బుడగ సరిగా ఉబ్బకపోయినా, రొమ్ములో వేసిన గొట్టం గుండా గాలి పోతున్నా, వదిలిన ఊపిరిలో కొంత కొలతకు అందదు. కేన్‌కు చిల్లి ఉంటే పాల లెక్క ఎలా తేలుతుంది?

ఎక్కువ ప్రాణవాయువు. ఇది కొంచెం ఓపికగా చదవండి. మీటరు నూటికి ఒక పాలు తప్పు చూపిస్తోందనుకుందాం. 21 దగ్గర ఆ తప్పు 0.2. అసలు తేడా 4 కదా, అందులో ఇది ఇరవయ్యో వంతు, సర్దుకోవచ్చు. 60 శాతం ఇస్తున్నప్పుడు అదే తప్పు 0.6, అంటే అసలు తేడాలో ఏడో వంతు. 100 దగ్గర అది నాలుగో వంతు. పైగా లోపలికి పోయిన గాలినీ బయటికి వచ్చిన గాలినీ సరిపోల్చడానికి ఈ లెక్కలో నత్రజనిని సాక్షిగా పెట్టుకుంటారు. ఒళ్ళు దాన్ని వాడుకోదు గనుక ఎంత పోయిందో అంతే వస్తుంది. ప్రాణవాయువు పెంచేకొద్దీ నత్రజని తగ్గుతుంది, 100 శాతం దగ్గర సాక్షే ఉండడు. అందుకే 60 శాతం దాటిన రోగిలో ఈ కొలతను నమ్మి తిండి నిర్ణయించడం మంచిది కాదు. బాగా జబ్బుగా ఉన్నవారికే కొలత ఎక్కువ అవసరం, వారిలోనే అది తప్పే అవకాశమూ ఎక్కువ.

కుదురు లేకపోవడం. జ్వరం ఒక డిగ్రీ సెంటీగ్రేడు పెరిగితే ఖర్చు నూటికి 10 పాళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పెరుగుతుంది. వణుకు వస్తే చాలా పెరుగుతుంది. తెమడ లాగిన వెంటనే, పక్కకు తిప్పిన వెంటనే, వెంటిలేటరు అంకెలు మార్చిన వెంటనే కొలిచినా తప్పు లెక్కే వస్తుంది. అరగంట ఆగి, వరుసగా ఐదు నిమిషాలు అంకెలు నిలకడగా ఉంటేనే రాసుకోవాలి. డయాలిసిస్ జరుగుతున్నప్పుడు కొంత బొగ్గుపులుసు వాయువు ఆ దారిన పోతుంది, అదీ గుర్తుంచుకోవాలి.

మీటరు ముసలిదవడం. వెంటిలేటర్లలో ప్రాణవాయువును పసిగట్టే సాధనం చాలా వాటిలో వాడేకొద్దీ అరిగిపోతుంది. పెట్రోలు బంకులో 5 లీటర్ల పాత్రతో కొలత సరిచూసినట్టు, తెలిసిన వాయువుతో దీన్నీ సరిచూస్తూ ఉండాలి.

ఈ కొలతలన్నిటికీ ముందు చూడవలసిన కొలత గోడమీది పైపులో ప్రాణవాయువు పీడనం. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆ పీడనం పడిపోయి 11 మంది కరోనా రోగులు చనిపోయారని అధికారులే ప్రకటించారు. సరఫరా లేనిచోట ఏ యంత్రమూ అక్కరకు రాదు.

మీరు అడగవలసినవి

మీ మరిది అన్నమాట పూర్తిగా కొట్టెయ్యను. అవసరం లేకుండా, అలవాటుగా రక్తం తీసే చోట్లు లేకపోలేదు. కాని వెంటిలేటరు మీద ఉన్న రోగికి, ముఖ్యంగా యంత్రం అంకెలు మార్చినప్పుడల్లా, ఈ పరీక్ష అవసరమే. తగవు పెట్టుకోకుండా, రోజుకొకసారి బంధువులతో మాట్లాడే వేళలో ఇంట్లోవారిలో ఒక్కరే వెళ్ళి, కాగితం మీద రాసుకుని, ఈ ప్రశ్నలు అడగండి:

1. ఇవాళ ఎంత శాతం ప్రాణవాయువు ఇస్తున్నారు? నిన్నటికంటే తగ్గిందా, పెరిగిందా?

2. బొగ్గుపులుసు వాయువు ఎంత ఉంది? సరిగా బయటికి పోతోందా?

3. ఈ రక్త పరీక్ష ఫలితాన్ని బట్టి చికిత్సలో ఏం మారుస్తారు?

4. రోజుకు ఎన్ని కేలరీలు, ఎంత మాంసకృత్తు ఇస్తున్నారు? కొలిచి నిర్ణయించారా, బరువును బట్టి అంచనా వేశారా?

5. వెంటిలేటరు మీదనుంచి దించడానికి ఏది అడ్డంగా ఉంది?

సమాధానాలు రాసిపెట్టుకోండి. నాలుగు రోజుల అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే రోగి ఎటు నడుస్తున్నాడో మీకే తెలుస్తుంది. కేసు కాగితాల నకళ్ళు అడిగే హక్కు మీకుంది. 2002 నాటి వైద్య నీతి నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. అనుమానం తీరకపోతే ఆ కాగితాలు మరొక డాక్టరుకు చూపించండి. మనసులో పెట్టుకుని కుమిలిపోవడం కన్నా అది మేలు.

రెండు పనులు మాత్రం చెయ్యకండి. ఇంటినుంచి గంజో, రాగి జావో తెచ్చి నర్సును బతిమాలి గొట్టంలో పోయించకండి. ‘ప్రాణవాయువు ఇంకా పెంచండి’ అని ఒత్తిడి చెయ్యకండి. అది కూడా మందే, మోతాదు మించి ఎక్కువసేపు ఇస్తే ఊపిరితిత్తులకే హాని.

ఇంట్లో కొలత

కరోనా తర్వాత చాలా ఇళ్ళలో వేలి క్లిప్పు ఉంది. దాన్ని వాడేముందు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోండి. చెయ్యి చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచండి. గోళ్ళరంగు తుడిచెయ్యండి. అంకె నిలకడగా ఆగేదాకా చూడండి. మేనిరంగు నలుపైనవారిలో ఇది ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ చూపించవచ్చునని 2020లో అమెరికాలో జరిగిన పరిశీలనలో తేలింది. తలుపులు మూసిన గదిలో బొగ్గు కుంపటి పొగో, జనరేటరు పొగో పీల్చి పడిపోయినవారికి క్లిప్పు 98 చూపించినా నమ్మకండి. ఆ విషవాయువును క్లిప్పు ప్రాణవాయువుగా పొరబడుతుంది. తలుపులు తెరిచి, మనిషిని బయటికి తెచ్చి, వెంటనే ఆసుపత్రికి చేర్చండి.

క్లిప్పు లేకపోయినా గడియారం ఉంది కదా! మనిషి విశ్రాంతిగా ఉన్నప్పుడు, అతనికి చెప్పకుండా, పొట్ట లేచి పడడం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించవద్దు, తప్పు కూడా నాలుగింతలవుతుంది. పెద్దవారిలో 12 నుంచి 20 మామూలు. 25 దాటితే డాక్టరుకు చూపించండి. 30 దాటినా, మాట పూర్తిచెయ్యలేక ఆయాసపడుతున్నా, పెదవులు నీలిబారినా, మనిషి మగతగా ఉన్నా, క్లిప్పు ఎంత చూపిస్తున్నా సరే, 108కి ఫోను చెయ్యండి. పాముకాటు అనుమానం ఉంటే ఆయాసం వచ్చేదాకా ఆగవద్దు. కాటు గుర్తు కనబడకపోయినా, రెప్పలు వాలిపోతున్నా, మింగడం కష్టమైనా, ఊపిరి కండరాలు చచ్చుబడకముందే ఆసుపత్రికి చేర్చాలి.

అంకెను చూడండి, అంకెతోపాటు మనిషినీ చూడండి. రెండూ ఒకేమాట చెప్పకపోతే మనిషి చెప్పేదే నమ్మి బయలుదేరండి.